ఏం కాలిన వాసన

మా ఇంట్లో హీటింగు ఎప్పుడు వెయ్యాలన్నది చలిని బట్టి తేలదు. అక్టోబరు చివర, చలికాలం వేళల కోసం దేశమంతా గడియారాలు గంట వెనక్కి తిప్పే ఆదివారం వస్తుంది. ఆ రోజు మా ఆయన డెరెక్ మేడ మీద పడకగదిలో మొదలుపెట్టి, కిందికి దిగుతూ, ఉన్న గడియారాలన్నీ తిప్పి, ఆఖరున వంటింట్లో, ఇల్లంతా వేడిచేసే బాయిలర్ మీట నొక్కుతాడు. అంతకు ముందు ఎవరైనా చలి అంటే "స్వెట్టరు వేసుకో" అంటాడు. వేసుకునే ఉన్నాను అంటే "ఇంకోటి వేసుకో" అంటాడు. వాళ్ళ నాన్న బొగ్గుగనిలో పనిచేశాడు. గనివాళ్ళకి బొగ్గు ఊరికే వచ్చేది కాబట్టి ఆ ఇంట్లో జూన్ నెలలో కూడా పొయ్యి ఆరేది కాదట. అంత వెచ్చటి ఇంట్లో పుట్టినవాడికి ఈ పిసినారితనం ఎలా అబ్బిందో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

ఒక్క డెరెక్‌ని అని లాభం లేదు. మా జూబిలీ వరస ఇళ్ళలో మగవాళ్ళందరిదీ ఇదే తీరు. అక్టోబరు వచ్చిందంటే పొద్దున్నే కుక్కని తిప్పే వంకతో బయల్దేరి, ఎవరి పొగగొట్టం లోంచి ఆవిరి వస్తోందో చూసుకుంటూ పోతారు. ముందు వెలిగించినవాడు ఆ ఏడాదంతా క్లబ్బులో మాటలు పడాల్సిందే.

ఈ ఏడు గడియారాలు తిప్పడం అయింది. డెరెక్ బాయిలర్ దగ్గరికి వెళ్ళలేదు.

"మీట నొక్కడం మర్చిపోయావు," అన్నాను.

"ఇంకా చలేం లేదుగా బంగారం. నవంబరు సగం దాకా చూద్దాం."

అప్పుడు నేను టీ పోస్తున్నాను. కప్పులోంచి వచ్చే ఆవిరికీ నా నోట్లోంచి వచ్చే ఆవిరికీ పెద్ద తేడా లేదు.

మరో ఏడాదైతే ఇంకో స్వెట్టరు వేసుకుని ఊరుకునేదాన్నే. కానీ ఆ శనివారం మా అమ్మాయి కిర్‌స్టీ పసిపిల్లని తీసుకుని వస్తోంది. నెల్ పుట్టాక మా ఇంటికి రావడం అదే మొదలు. వారం రోజులు ఉంటామంది. అయితే ఆ మాటకి ఒక తోక తగిలించింది.

"అమ్మా, పోయిన క్రిస్మస్‌కి నేను మీ ఇంట్లో టోపీ పెట్టుకుని పడుకున్నాను. నాకంటే సరే. నెల్‌కి కుదరదు. ఇల్లు నిజంగా వెచ్చగా ఉంటేనే వస్తాను. లేదంటే బెవర్లీ వాళ్ళింటికి పోతాం. ఏమీ అనుకోకు."

బెవర్లీ అంటే మా అల్లుడి తల్లి. డార్లింగ్టన్‌లో కొత్త ఇల్లు. ఆ ఇంట్లో నేల తనంతట తనే వేడెక్కుతుంది. మనిషి మంచిదే, కాదనను. కానీ పిల్ల పుట్టిన దగ్గర్నుంచి ఆవిడ నాకు పంపిన ఫోటోలన్నిట్లోనూ నెల్ ఆవిడ ఒళ్ళోనే ఉంది.

అందుకని బుధవారం నాడు డెరెక్ తోటకి వెళ్ళగానే నేనే మీట నొక్కాను.

మా బాయిలర్ పాతది. వంటింట్లో ఒకప్పుడు బొగ్గుపొయ్యి ఉన్న గూటిలో నిలబడి ఉంటుంది. దాని మీదుగా ఉక్కు పొగగొట్టం పాత చిమ్నీలోకి పోతుంది. గొట్టం కనబడకుండా ముందు ఒక చెక్కపలక. ఆ పలక ఏళ్ళ తరబడి ఒక మూల ఊడి వేలాడుతూ ఉండేది. సెప్టెంబరులో డెరెక్ అడక్కుండానే దాని మేకులు తీసి, మరలు బిగించి, తెల్లరంగు కూడా వేశాడు. అప్పుడు నేనే మెచ్చుకుని, పిండిలో ఆపిల్ ముక్కలు కూరి 'పై' కాల్చి పెట్టాను.

బాయిలర్ బుస్సుమని అంటుకుంది. కాసేపటికి కాలిన వాసన వచ్చింది. నేనేం కంగారుపడలేదు. వేసవంతా ఆగిపోయిన బాయిలర్‌ని మొదటిసారి వెలిగిస్తే లోపల, రేడియేటర్ల వెనకా పేరుకున్న దుమ్ము మాడుతుంది. ఏటా వచ్చే వాసనే. కాస్త బొచ్చు కాలినట్టు, కాస్త పాత దుప్పటి ఎండలో వేసినట్టు ఉంటుంది. కిటికీ తెరిచి పెట్టాను. అది తగ్గింది. ఇల్లు వెచ్చబడుతోంది. మేడ మీద పిల్లకి వేసిన మంచం మీద దుప్పటి సర్దుతూ కూనిరాగం కూడా తీశాను.

కిందికి దిగేసరికి ఇంకో వాసన.

కాలిన వాసన అని ఊరుకుంటే ఏమీ తేలదు. ఏం కాలిన వాసన అన్నది ముఖ్యం. ఇది దుమ్ము కాదు. ఇస్త్రీపెట్టె కింద పట్టులాంటి బట్ట ఏదో అంటుకుపోయినప్పుడు వచ్చే వాసన. ప్లాస్టిక్ వాసన. అంటే కరెంటు తీగ కావచ్చు. వెంటనే బాయిలర్ ఆపేశాను. గోడ మీద స్విచ్చి కూడా తీసేసి, కిటికీలూ తలుపులూ బార్లా తెరిచి, కోటు వేసుకుని నిలబడ్డాను. గ్యాసు వాసన లేదు. విషవాయువు వస్తే మోగే గోడ అలారం చప్పుడు చెయ్యలేదు. బొత్తాం నొక్కి చూస్తే చెవులు చిల్లులు పడేలా అరిచింది, అంటే బాగానే పనిచేస్తోంది.

తర్వాత ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చాను. ప్లగ్గు చల్లగా ఉంది. తీగ చల్లగా, మెత్తగా ఉంది, ఎక్కడా నల్లబడలేదు. పంపు మీద చెయ్యి వేస్తే గోరువెచ్చగా ఉంది, అంతే. రేడియేటర్ల వెనక మేజోళ్ళు గానీ వంటింటి తువ్వాళ్ళు గానీ పడ్డాయేమో చూశాను. ఒక చెంచా దొరికింది. టోస్టరు దులిపాను. వాసన వాటిలో దేనిదీ కాదు. గోడవారగా ముక్కు ఎగబీలుస్తూ వెళ్తే బాయిలర్ పైన, ఆ తెల్లపలక దగ్గర ఎక్కువగా ఉంది.

అప్పుడే డెరెక్ వచ్చాడు. గుమ్మంలోనే ఆగి గాలి పీల్చాడు. మొహం పాలిపోయింది.

"ఎవరు వెలిగించమన్నారు నిన్ను?"

"ఎవరన్నా అనాలా? నా ఇల్లు కాదూ?"

బురదబూట్లు కూడా విప్పకుండా నేను తుడిచిన నేల మీద నడుచుకుంటూ వెళ్ళి, పలక మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. జ్వరం వచ్చిన పిల్లాడి నుదురు చూసినట్టు.

"ఎంతసేపు మండింది?"

"గంట పైనే. ఏం, నీకు తెలుసా ఇదేంటో?"

"నాకేం తెలుసు. పాతదైపోయింది. ఇంక ముట్టుకోకు. శనివారానికి నేను కిరోసిన్ హీటరు తెస్తాలే షెడ్డులోంచి."

"పసిపిల్ల ఉన్న గదిలో కిరోసిన్ హీటరా?"

"మేమంతా అలాగే పెరిగాం."

నాకు అనుమానం అక్కడే తగిలింది. మా ఆయన ఎలాంటి మనిషంటే, పక్కింటివాళ్ళ గడ్డికోత యంత్రం దగ్గినా మరలు విప్పడానికి పరిగెత్తుతాడు. అలాంటివాడు సొంత బాయిలర్ పొగ వాసన కొడుతుంటే స్క్రూడ్రైవర్ వైపు కూడా చూడలేదు. చేతులు జేబులో పెట్టుకుని దాన్ని వెనకేసుకుని నిలబడ్డాడు.

నేను కాలిన్ హెస్లప్‌కి ఫోన్ చేశాను.

"వాడికా!" అన్నాడు డెరెక్.

"మిగతావాళ్ళంతా వచ్చే వారం అన్నారు. అక్టోబరు చివర అందరి బాయిలర్లూ ఒక్కసారే చెడతాయట. కాలిన్ శుక్రవారం పొద్దున వస్తానన్నాడు."

"ప్రపంచంలో ఇంకెవరూ లేనట్టు కాలిన్ హెస్లప్‌ని తెచ్చి నా వంటింట్లో..."

సంగతేమిటంటే, కాలిన్ గ్యాసు పని చేస్తాడు గానీ అతని ప్రాణమంతా కాడఉల్లి మీదే. డెరెక్ ప్రాణమూ అక్కడే. వంటకి వేసుకునే సన్న ఉల్లికాడలు కావవి, లీక్ అనే రకం. తెల్లటి కాడ మనిషి తొడంత లావు, పైన ఆకులు తెరచాపల్లా. సెప్టెంబరులో క్లబ్బులో పోటీ. దాని కోసం ఏడాది పొడుగునా వాటికి ఎవరేం పోస్తారో పెళ్ళాలకి కూడా చెప్పరు. పోటీ దగ్గరపడితే ఎవరైనా వచ్చి ఆకులు కోసిపోతారేమోనని షెడ్డుల్లో పడుకుంటారు. నిరుడు గెలిచిన డెరెకే ఈ ఏడూ మొదటివాడు, కాలిన్ రెండోవాడు. తేడా దారమంత. ఆ రోజు నుంచి కాలిన్ మా తోట కంచె దగ్గర నడక మరీ నెమ్మదిగా నడుస్తున్నాడని డెరెక్ గోల. "కాళ్ళనొప్పులేమో" అంటే నా మీద విరుచుకుపడ్డాడు.

శుక్రవారం కాలిన్ వచ్చాడు. పొట్టిమనిషి, బట్టతల, పెద్ద సంచీ.

"ఏం బంగారం, మాడిపోతోందట ఇల్లు?" అన్నాడు నాతో. మా ఊళ్ళో గ్యాసు మనిషికీ బస్సు డ్రైవరుకీ పళ్ళ డాక్టరుకీ అందరికీ నేను బంగారాన్నే. తర్వాత డెరెక్‌ని చూసి తలాడించాడు. "డెరెక్."

"కాలిన్."

రెండు కుక్కలు గేటుకి చెరోవైపు నిలబడ్డట్టు అనిపించింది నాకు. ఒకరికి టీ, ఒకరికి టీ, మధ్యలో బిస్కెట్ల పళ్ళెం పెట్టి, నేను చూసిందంతా వరసగా చెప్పాను. మొదట దుమ్ము, తర్వాత ప్లాస్టిక్, ప్లగ్గు చల్లగా ఉండడం, పంపు సంగతి, అలారం సంగతి.

"ఇంత బాగా చెప్పేవాళ్ళు నాకు దొరకరు," అన్నాడు కాలిన్. "అందరూ 'అదోరకం వాసన' అంటారు. అక్కణ్ణుంచి నా తిప్పలు నేను పడాలి."

బాయిలర్ ముందు రేకు విప్పాడు. లోపల బుర్రపెట్టి తీగలన్నీ వేలితో తడిమాడు. దుమ్ము ఊడ్చాడు. వెలిగించాడు. మంట నీలంగా, నిటారుగా ఉంది. పొగ కొలిచే యంత్రం గొట్టంలో పెట్టి అంకెలు చూసి తృప్తిగా తలాడించాడు.

"కొత్త పెళ్ళికూతురిలా ఉంది. దీనికేం రోగం లేదు."

"నే చెప్పలా?" అన్నాడు డెరెక్ గబుక్కున. "ఏం లేదు. ఆపేసి వెళ్ళిపో. థాంక్స్."

"రోగం లేకపోతే ఆపడం ఎందుకు?" అన్నాను.

"అంటే... చల్లారనిద్దామని."

ఈలోగా వాసన రానే వచ్చింది. ముందు ఆ ప్లాస్టిక్ వాసనే, సన్నగా. దాని వెనక ఇంకోటి. నేను కళ్ళు మూసుకుని పీల్చాను. తియ్యగా, ఘాటుగా ఉంది. నూనెలో వేగే ఉల్లి కాదు, ఆ వాసనలో తడి ఉంటుంది. ఇది ఉల్లిపొట్టు నిప్పులో పడ్డ వాసన, ఎండిపోయినది.

కళ్ళు తెరిచేసరికి కాలిన్ కూడా ముక్కు పైకెత్తి ఉన్నాడు.

"ఉల్లి వేయిస్తున్నారా ఏంటి?"

"అవును," అన్నాడు డెరెక్. "'పై' చేస్తోంది. ఉల్లి పై."

పొయ్యి మీద ఏమీ లేదు. పొయ్యి వెలిగించనే లేదు. ముగ్గురమూ పొయ్యి వైపే చూశాం.

కాలిన్ బాయిలర్ ఆపేశాడు. ఇప్పుడు అతని గొంతులో వేళాకోళం లేదు. "వాసన ఆ పలక వెనక నుంచి. గొట్టం పక్కన ఏదో ఉంది. పక్షిగూడు కావచ్చు, ఎలక కావచ్చు. పలక తియ్యాలి."

"రాదది. మరలకి రంగు పట్టేసింది."

"నా దగ్గర కత్తి ఉంది, రంగు కోస్తా."

"గోడ పెచ్చులూడతాయి."

"పలక పోయేది గోడకి కాదు డెరెక్, చెక్క ఫ్రేముకి."

"అది... ఐలీన్‌కి ఆ పలకంటే ఇష్టం. కదా ఐలీన్? పై కూడా చేసింది."

నేను ఆ పలక వైపు చూశాను. సెప్టెంబరు, కొత్త రంగు, నవంబరు సగం దాకా వద్దన్న హీటింగు, జ్వరం చూసినట్టు ఆనించిన చెయ్యి, ఉల్లిపొట్టు. అన్నీ ఒకదాని పక్కన ఒకటి వచ్చి కూర్చున్నాయి. వెనక ఉన్నది ఎలకా కాదు, గూడూ కాదు.

"చూడు బంగారం," అన్నాడు కాలిన్ నాతో, "నేను చూడని గొట్టానికి నేను పూచీ పడలేను. పలక తీస్తే సరే. లేదంటే గ్యాసు కట్టేసి, ఎర్ర కాగితం అంటించి పోవాలి. నాకూ ఇష్టం లేదు. కానీ రేపు పసిపిల్ల వస్తోందన్నావు కదా."

అంటూనే సంచీలోంచి ఎర్ర కాగితం తీశాడు. 'ప్రమాదం, వాడరాదు' అని పెద్ద అక్షరాలు.

డెరెక్‌ని నేను అందరి ముందూ నిలదియ్యగలను. కానీ అతను కాలిన్ ముందు నోరు తెరిచి ఆ మాట చెప్పడమంటే ఏమిటో నాకు తెలుసు. అందుకని గోడ దగ్గరికి వెళ్ళి ఫోన్ తీశాను.

"ఎవరికి?" అన్నాడు డెరెక్.

"కిర్‌స్టీకి. డార్లింగ్టన్ వెళ్ళమని చెప్తాను. అక్కడైతే నేల కూడా వెచ్చగా ఉంటుంది. బెవర్లీ సంతోషిస్తుంది."

"ఆగు."

"రేపు బయల్దేరాక చెప్పడం కన్నా ఇప్పుడే నయం కదా." నేను నంబరు నొక్కడం మొదలుపెట్టాను. నాటకం కాదు. పలక తెరుచుకోకపోతే నిజంగానే చెప్పేదాన్ని, ఫోన్ పెట్టేశాక ఏడ్చేదాన్ని కూడా.

డెరెక్ నా వైపు చూశాడు, పలక వైపు చూశాడు, కాలిన్ వైపు చూశాడు.  తర్వాత అతను సొరుగు లాగి తన స్క్రూడ్రైవర్ తీసుకున్నాడు.

"పెట్టెయ్ ఆ ఫోను," అన్నాడు. "నువ్వు అటు తిరుగు, కాలిన్."

"ఎందుకు?"

"తిరగమన్నానా!"

"గొట్టం చూడ్డానికి వచ్చిన మనిషిని గొట్టం చూడొద్దంటే ఎలా?" అన్నాడు కాలిన్, అయినా సగం తిరిగాడు. మరలు ఒక్కొక్కటీ తేలిగ్గా ఊడొచ్చాయి. రంగు ఎక్కడా పట్టెయ్యలేదు. పలక కిందికి దించాడు.

గొట్టం పక్కన మేకుకి వేలాడుతోంది. నా నైలాను మేజోడు. నేవీరంగుది, పెళ్ళిళ్ళకి వేసుకునేది. ఆగస్టు నుంచి దాని జత ఒంటరిగా సొరుగులో ఉంది. మేజోడులో పిల్లవాడి తలకాయంత గుండ్రటి పూగుత్తి. వేడికి కాస్త సాగి, ఒకవైపు వాలి, గొట్టానికి ఆనుకుంది. ఆ వైపు నైలాను కరిగి నల్లగా అంటుకుపోయింది. లోపల గుత్తి కూడా బొగ్గు.

కాలిన్ పూర్తిగా ఇటు తిరిగాడు. మేజోడు చూసి నా వైపు చూడబోయి, బుద్ధి తెచ్చుకుని నేల వైపు చూశాడు. తర్వాత గుత్తి ఏమిటో అతనికి తట్టింది. నోరు తెరుచుకుంది.

"నిరుటిదా? నిరుడు గెలిచిన కాడఉల్లిదా?"

డెరెక్ తలాడించాడు.

గెలిచిన కాడఉల్లిని వీళ్ళు తినరు. మళ్ళీ పాతి మరుసటి వేసవికి పూతకి రానిస్తారు. ఆ పూగుత్తి మీదే సన్నటి పిలకలు మొలుస్తాయి. వాటిని పాతితే తల్లి ఎలాంటిదో పిల్లలూ అలాంటివే. డెరెక్ దగ్గరున్న జాతి వాళ్ళ నాన్న నుంచి వచ్చింది. ఈ ఏడు వానలకి మిగతా గుత్తులన్నీ బూజుపట్టి పోయాయని నాకు తెలుసు. ఒకటి మిగిలిందని మాత్రం తెలియదు.

"గ్రీన్‌హౌసు తాళం ఎవరైనా తీస్తారని..." అన్నాడు డెరెక్.  "ఇంట్లో అయితే... బాయిలర్ ఆపే ఉంది కదా. పొడిగా ఉంటుంది. వెలిగించే లోపు తీసేద్దామనుకున్నా. ఈలోగా నువ్వు రోజూ కంచె చుట్టూ తిరుగుతుంటే ఎక్కడ పెట్టాలో తోచలా."

"నేనా?" అన్నాడు కాలిన్. "ఒరేయ్, నా మోకాళ్ళకి నడవమన్నాడు డాక్టరు!"

నేను కెటిల్‌లో నీళ్ళు పట్టాను.

"చీకట్లో పెట్టావా దీన్ని?" కాలిన్ గొంతు పెరిగింది. కాలినందుకు కాదు, చీకట్లో పెట్టినందుకు అతనికి కోపం వచ్చింది. "గొట్టం వెనక? గాలీ వెలుతురూ లేకుండా? పాలిపోతాయి కదరా పిలకలు! మీ నాన్న చూస్తే ఏమనేవాడు? ఆయన చేతి ఉల్లిరా అది!"

"నాకు తెలీదా?"

"తెలిస్తే ఇలా చేస్తావా? ముందు తియ్యి దాన్ని, ఇంకా చూస్తున్నావేం? ఇలా కాదు, కాడ పట్టుకో. బంగారం, కత్తెరుందా? మంచిది. గుడ్డ కాదు, కాగితం పరువు."

కాగితం పరిచాను. ఇద్దరూ నా వంటింటి బల్లకి అటొకరు ఇటొకరు వంగారు. కాలిన్ మేజోడుని పైనుంచి కిందికి కత్తిరించి, అరటితొక్క ఒలిచినట్టు ఒలిచాడు. ఒకవైపు మూడోవంతు మసి. మిగతాది గడ్డిరంగు. కాలిన్ కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, ముక్కు గుత్తికి ఆనేంత దగ్గరగా పెట్టి, చిటికెనవేలి గోటితో విడదీశాడు. నేను కూడా ఊపిరి బిగబట్టానని తర్వాత గమనించాను.

"ఇదిగో," అన్నాడు.

సూదిమొనంత పిలక. తెల్లగా, పాలిపోయి. అయినా బతికే ఉంది. దాని పక్కన ఇంకోటి. ఆ పక్కన మరో రెండు.

డెరెక్ కుర్చీలో కూలబడ్డాడు. కళ్ళూ ముక్కూ తుడుచుకుని, "పొగ," అన్నాడు.

"అవును, పొగ," అన్నాడు కాలిన్. "మాడినదంతా కోసెయ్. కోసిన చోట బూడిద అద్దు. కాడ తడి ఇసకలో గుచ్చి, కిటికీలో పెట్టు. కిటికీలో! ఎండ తగిలేచోట. చూస్తే చూశారు జనం."

"చూసి?"

"చూసి ఏడుస్తారు. నేనూ ఏడుస్తా."

"ఎవరికీ చెప్పకు, కాలిన్."

"ఏమని చెప్పను? డెరెక్ పర్విస్ గెలిచిన కాడఉల్లిని పెళ్ళాం మేజోడులో కట్టి చిమ్నీలో వేయించాడనా? తాగొచ్చానంటారు."

డెరెక్‌కి నవ్వొచ్చింది, ఆపుకోబోయాడు, ఆగలేదు. ఆ తర్వాత కాలిన్‌కి. ఇద్దరూ బల్ల కొడుతూ నవ్వుతుంటే గుత్తి అదురుతోందని నేనే దాన్ని తీసి కిటికీ గట్టు మీద పెట్టాను.

"నవ్వింది చాలు," అన్నాను. "నా బాయిలర్?"

కాలిన్ కళ్ళు తుడుచుకుని లేచాడు. గొట్టానికి అంటుకున్న నైలాను గీకి, తుడిచి, కింది నుంచి పై దాకా అద్దం పెట్టి చూశాడు. గొట్టానికి ఏమీ కాలేదు. పలక మధ్యలో చెయ్యి పట్టేంత తలుపు కొయ్యమని డెరెక్‌కి చెప్పాడు, ఎప్పుడైనా తెరిచి చూసుకునేలా. "అందులో ఏమీ పెట్టకూడదు. ఏమీ అంటే ఏమీ. బంగాళాదుంప కూడా." ఎర్ర కాగితం మడిచి సంచీలో వేసుకున్నాడు. బాయిలర్ వెలిగించాడు. ముగ్గురమూ దాని ముందు నిలబడి ముక్కులు ఎగబీల్చాం. ఇనుము వేడెక్కిన వాసన. ఇంకాసేపు చూశాం. అంతే, ఇంకేమీ లేదు.

వెళ్ళేటప్పుడు డెరెక్ గుమ్మం దాకా వెళ్ళాడు. నాకు వినబడదనుకుని గొంతు తగ్గించాడు.

"బతికితే... నీకు రెండు పిలకలిస్తా."

కాలిన్ సంచీ కింద పెట్టాడు. "పర్విస్ వాళ్ళ జాతిలోవా?"

"రెండే. మూడు కాదు."

"వచ్చే ఏడు నిన్ను నీ ఉల్లితోనే ఓడిస్తే?"

"నాన్న ఉల్లే గెలిచినట్టు కదరా. ఫో ఇంక, చలి లోపలికొస్తోంది."

శనివారం పొద్దున నేను లేచేసరికే డెరెక్ లేచి హీటింగు వేసి ఉన్నాడు. వరసలో మొదటి ఆవిరి మా గొట్టం నుంచే. పక్కింటి ఆయన కుక్కతో రెండుసార్లు అటూ ఇటూ నడిచి, కంచె మీదుగా ఏదో అన్నాడు. "మనవరాలొస్తోంది!" అని అరిచాడు డెరెక్, అదేదో చట్టంలో ఉన్నట్టు. నేను పందిమాంసం హాము ఉడకబెట్టి, బఠాణీ ముద్ద చేసి, మా ఊరి గుండ్రటి స్టాటీ రొట్టెలు కాల్చాను. మేడ మీద గదిలో పిల్ల మంచం మీద చెయ్యి వేసి చూశాను. గోడ కూడా చల్లగా లేదు. ఎవరైనా చూస్తే పిచ్చిదనుకుంటారని తెలిసి కూడా నాలుగు మూలలా వాసన చూశాను.

కారు వచ్చింది. కిర్‌స్టీ పిల్లని రెండు దుప్పట్లలో చుట్టి, తనొక మందపాటి కోటులో, యుద్ధానికి వచ్చినట్టు లోపల అడుగుపెట్టింది. హాలులో ఆగింది.  డెరెక్ మెట్ల దగ్గర నిలబడి చేతులు నలుపుకుంటున్నాడు.

దుప్పటి ఒకటి తీసింది. కోటు తీసింది. వంటింట్లోకి నడిచి రెండో దుప్పటి కూడా తీసి, పిల్లని డెరెక్ చేతుల్లో పెట్టింది. మెడ దగ్గర స్వెట్టరు లాక్కుని విసురుకుంటూ, "అబ్బా, నాన్నా, ఏంటీ ఉక్క! పొయ్యిలో ఉన్నట్టుంది," అని కిటికీ గడియ తీసి రెక్క బార్లా తోసేసింది.

హీటింగు నడుస్తుండగా డెరెక్ ఎదుట మా ఇంట్లో ఎవరూ కిటికీ తెరవడం నేను చూడలేదు. డెరెక్ చూపు ఆ కిటికీ మీద పడింది. డబ్బు పెట్టి కాచిన వేడంతా జూబిలీ వరస మీదికి పోతోంది.  నెల్ అతని వేలు పట్టుకుని ఆవలించింది.

"గాలి మంచిదేలే," అన్నాడు డెరెక్.

కిర్‌స్టీ ఫోన్ మోగింది. చూసి చెవికి పెట్టుకుంది. "ఆఁ, బెవర్లీ, చేరాం... లేదు లేదు, రాం. ఇక్కడే. వారం కాదు, పది రోజులుంటాం... బాగా వెచ్చగా ఉంది. ఎంత వెచ్చగా అంటే కిటికీ తెరవాల్సొచ్చింది."

నేను సింకు వైపు తిరిగి, కడిగిన గిన్నెనే మళ్ళీ కడిగాను.